‘మావల్ల కాదు’ అన్న పాఠం మనకెవరు నేర్పారు?

(యౌవనస్తుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

షోలాపూర్ నుంచి, బరంపురం నుంచి, చెన్నై నుంచి, కోలారు బంగారు గనుల నుంచి, యానాం నుంచి వచ్చినవాళ్ళు ఈ హాల్లో ఉన్నారు. యానాం వాళ్ళను పక్కన పెడితే మిగతా అందరిదీ ఒకటే కథ. ఇంట్లో తెలుగు, బడిలో ఇంకో భాష, ఆదివారం చర్చిలో మళ్ళీ తెలుగు.

మాకిచ్చిన అంశం ‘సైకాలజీ ప్రాథమిక విషయాలు’. ఆహ్వాన పత్రం చూసి ఒక పెద్దాయన ఫోన్ చేశారు. “అయ్యగారూ, వాక్యం ఉండగా మనకు సైకాలజీ ఎందుకండీ?” అన్నారు. అడగవలసిన ప్రశ్నే. సైకాలజీ అనే మాటలో ఉన్న ‘ప్సూఖే’ మన కొత్త నిబంధన గ్రీకులో ఉన్న మాటే. మన తెలుగు బైబిల్లో దాన్ని ఒకచోట ప్రాణం అని, మరోచోట ఆత్మ అని తర్జుమా చేశారు. అంటే ఆ మాట మన ఇంటిదే, తప్పిపోయి వేరే ఊళ్ళో పెరిగింది. 1879లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో మనసును పరిశీలించడానికి ప్రయోగశాల పెట్టిన విల్‌హెల్మ్ వుంట్ ఒక పాస్టరు కొడుకు. కుక్కల మీద ప్రయోగాలు చేసిన రష్యా శాస్త్రవేత్త పావ్లోవ్ కూడా గురువుగారి కొడుకే. సెమినరీలో చేరి మధ్యలో మానేసి సైన్సు వైపు వెళ్ళాడు. మా పెద్దాయనకు ఈ సంగతి చెబితే “అందుకే పాస్టర్ల పిల్లల్ని జాగ్రత్తగా పెంచాలి” అన్నారు! సరే.

మేము వేదాంత కళాశాలలో చదువుకునే రోజుల్లో కౌన్సెలింగ్ మీద ఒక పేపరు ఉండేది. పరీక్ష రాశాం, పాసయ్యాం, మరిచిపోయాం. ఆ పుస్తకాల దుమ్ము మళ్ళీ దులిపించినవాడు మా సంఘంలోని ఒక పిల్లవాడు. వాడి అనుమతి అడిగే చెబుతున్నాం. పేరు చెప్పం.

వాళ్ళ అమ్మ తెల్లవారుజామున నాలుగున్నరకు చీపురు పట్టుకుని వీధిలోకి వెళ్ళే మనిషి. వాళ్ళ తాత చిన్నప్పుడే ఈ నగరానికి వచ్చి అదే పనిలో చేరాడు. సాయంత్రాలు చర్చి హాల్లో మేము ట్యూషన్ పెడతాం. ఆ ట్యూషన్లో ఈ పిల్లవాడు లెక్కల్లో అందరికంటే ముందుంటాడు. భిన్నాలు, శాతాలు నోటితోనే చెప్పేస్తాడు. బడిలో మాత్రం పరీక్ష కాగితం తెల్లగా ఇచ్చి వస్తున్నాడు. ఒకసారి రెండుసార్లు కాదు, ఏడాదంతా. వాళ్ళ అమ్మ వాణ్ణి ఒక బుధవారం రాత్రి మా దగ్గరికి తీసుకొచ్చింది. “ఏదో పట్టింది అయ్యగారూ, ప్రార్థన చెయ్యండి. చదువు మా రక్తంలో లేదేమో” అంది. ఆ రోజు మాకు కన్వెన్షన్ పని ఉంది, పందిరివాళ్ళు బయట నిలబడి ఉన్నారు. వాడి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించాం. “విశ్వాసం పెంచుకో నాయనా, ఉదయాన్నే లేచి వాక్యం చదువు, దేవుడు జ్ఞానమిస్తాడు” అని పంపేశాం. ‘ఏం జరుగుతోంది?’ అని ఒక్క మాట అడగలేదు. ఆ సంగతి మళ్ళీ వస్తుంది.

ఏం జరుగుతోందో నాలుగు నెలల తర్వాత తెలిసింది, అదీ వాడి స్నేహితుడి నోట. పారిశుద్ధ్య పనివారి పిల్లలకు ప్రభుత్వం ఇచ్చే స్కాలర్‌షిప్పు ఉంది కదా, దాని కాగితాల కోసం ఆ బడిలో హాజరు పిలిచిన వెంటనే ‘ఆ పనివాళ్ళ పిల్లలు’ లేచి నిలబడాలి. ఒక్కొక్కరి పేరు, తండ్రి పేరు, కులం, తల్లిదండ్రుల పని తరగతిలో అందరూ వినేలా చదువుతారు. మొదటి పీరియడ్ లెక్కలే. ఆ టీచరు చెడ్డమనిషి కాదు. నింపవలసిన కాలమ్ నింపుతున్నాడు, అంతే. ఇంకోటి, బడి రిజిస్టరులో వాడిదొక పేరు, సంఘం రిజిస్టరులో మరొకటి. ఎందుకో ఇక్కడున్నవాళ్ళకు మేము చెప్పాలా? 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. మనం ఇంకా బయటే ఉన్నాం. పదమూడేళ్ళ పిల్లవాడు రెండు పేర్ల బరువు మోస్తూ రోజూ ఆ మొదటి పీరియడ్లో నిలబడుతున్నాడు.

ఇప్పుడు ఒక ప్రయోగం సంగతి చెబుతాం, జాగ్రత్తగా వినండి. ఇది అమెరికాలో కాదు, మన ఉత్తరప్రదేశ్ పల్లెల్లో జరిగింది. కార్లా హాఫ్, ప్రియాంకా పాండే అనే ఇద్దరు పరిశోధకులు ఆరు, ఏడు తరగతుల అబ్బాయిలను 642 మందిని తీసుకున్నారు. సగం మంది పై కులాలవాళ్ళు, సగం మంది కింద ఉంచబడిన కులాలవాళ్ళు. వాళ్ళకిచ్చిన పని, పిల్లల పత్రికల్లో ‘కుందేలుకు దారి చూపండి’ అని వస్తాయి చూడండి, అలాంటి చిక్కుదారుల బొమ్మలు. ఎన్ని పూర్తిచేస్తే అన్ని రూపాయలు. కులం మాట ఎత్తనప్పుడు రెండు వర్గాల పిల్లలూ దాదాపు సమానంగా చేశారు. అది గుర్తుపెట్టుకోండి. ఆ తర్వాత వేరే గుంపుల్లో, ఆట మొదలు పెట్టేముందు ఒక్కొక్కరి పేరు, ఊరు, తండ్రి పేరు, తాత పేరు, కులం అందరి ముందూ చదివారు. అంతకుమించి ఏమీ అనలేదు. తిట్టలేదు, కొట్టలేదు. ఆ గుంపుల్లో కింది కులాల పిల్లలు పూర్తిచేసిన బొమ్మలు దాదాపు ఐదో వంతు తగ్గిపోయాయి. 2006లో ఇది అచ్చయింది.

తెలివి అదే, చెయ్యి అదే, పెన్సిలూ అదే. మరి ఆ ఐదో వంతు ఎక్కడికి పోయింది? మా హాల్లో లెక్కలు చేసే పిల్లవాడు బడిలో తెల్లకాగితం ఎందుకిస్తున్నాడో మాకు ఈ ప్రయోగం చదివాక అర్థమైంది. వాడి రక్తంలో ఏ లోపమూ లేదు. వాడి చెవిలో రోజూ ఒక జాబితా పడుతోంది.

చెవిలో పడింది చేతికి ఎలా పాకుతుందో పావ్లోవ్ చూపించాడు. తిండి చూస్తే కుక్కకు లాలాజలం ఊరుతుంది. తిండి పెట్టే ప్రతిసారీ ముందు ఒక శబ్దం చేస్తూ పోతే, కొన్నాళ్ళకు తిండి లేకపోయినా ఆ శబ్దానికే ఊరుతుంది. తెలుగు సైకాలజీ పుస్తకాల్లో దీన్ని ‘శాస్త్రీయ నిబంధన’ అంటారు. చర్చిలో పెరిగిన మనకు నిబంధన అనగానే పాత నిబంధన, కొత్త నిబంధన గుర్తొస్తాయి. ఇక్కడ అర్థం వేరు. రెండు విషయాలు పదే పదే కలిసి వస్తే మనసు వాటికి ముడి వేసేస్తుంది. తిండికి వేసినట్టే భయానికీ వేస్తుంది. మా పిల్లవాడికి హాజరు పిలుపు, సిగ్గు, లెక్కల పుస్తకం ఈ మూడూ కలిపి ముడిపడ్డాయి. పుస్తకం తెరిస్తే చాలు, చేతులు చెమట పడతాయట. వాడికి తెలిసి జరిగేది కాదు. ‘ధైర్యం తెచ్చుకో’ అంటే ఆ చెమట ఆగదు.

ఈ మధ్యాహ్నం మేము అసలు చెప్పాలనుకున్నది దీని తర్వాతది. 1967లో అమెరికాలో మార్టిన్ సెలిగ్‌మన్, స్టీవెన్ మేయర్ అనే ఇద్దరు యువ పరిశోధకులు కుక్కలకు విద్యుత్ షాక్‌లు ఇచ్చి ఒక సంగతి గమనించారు. (క్రూరమైన పనే. ఈ రోజుల్లో అలాంటిదానికి అనుమతి దొరకడం కష్టం.) కొన్ని కుక్కలకు షాక్‌ను ఆపుకునే వీలుంది, తలతో ఒక పలకను నొక్కితే ఆగిపోతుంది. మరికొన్నింటికి అలాంటి దారి లేదు, ఏం చేసినా అది ఆగినప్పుడే ఆగుతుంది. తర్వాత రెండు రకాల కుక్కలనూ ఒక పెట్టెలో పెట్టారు. మధ్యలో ఉన్న చిన్న అడ్డు దాటితే చాలు, అవతల షాక్ లేదు. మొదటి రకం కుక్కలు దూకి బయటపడ్డాయి. రెండో రకంలో ఎక్కువ కుక్కలు దూకలేదు. మూలుగుతూ అక్కడే పడుకున్నాయి. దారి తెరిచి ఉంది, అడ్డు చిన్నదే, అయినా పడుకున్నాయి. దీనికి ‘నేర్చుకున్న నిస్సహాయత’ అని పేరు పెట్టారు.

ఈ మాట వినగానే మీ వీధిలో ఎవరో ఒకరు మీకు గుర్తొచ్చి ఉంటారు. కోలారు వాళ్ళకు బాగా తెలుసు. వందేళ్ళకు పైగా నడిచిన బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. కొందరు తెల్లవారకముందే రైలెక్కి బెంగళూరు వచ్చి పనిచేసి రాత్రికి తిరిగి వెళ్ళడం మొదలుపెట్టారు. కొందరు అరుగు మీద కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే ఉండిపోయారు. ఆ కూర్చున్నవాళ్ళ మీద సోమరితనం గురించి ఎన్ని ప్రసంగాలు చేశామో! చీమను చూసి బుద్ధి తెచ్చుకోమని సామెతల గ్రంథం తెరిచి వడ్డించాం. మూడు తరాలుగా ఏం చేసినా ఏదీ మారని మనిషికి, ఎవరో పైన నిర్ణయిస్తే పని ఉండి ఎవరో నిర్ణయిస్తే పని పోయిన మనిషికి, చీమ కథ ఏం సహాయం చేస్తుంది?

సెలిగ్‌మన్ ఆ కుక్కలతో తర్వాత ఏం చేశాడన్నది చాలామంది చెప్పరు. పడుకున్న కుక్కల్ని లేపడానికి అవతలి నుంచి పిలిచారు, తిండి చూపించారు. లేవలేదు. చివరికి మెడకు తాడు కట్టి అడ్డు మీదుగా అవతలికి లాగారు. ఒక్కసారితో కాలేదు. మళ్ళీ మళ్ళీ లాగారు. కొన్నిసార్లయ్యాక లాగడానికి పట్టే బలం తగ్గుతూ వచ్చింది. ఆఖరికి కుక్క తనంతట తానే దూకింది. ఆ తర్వాత మరిచిపోలేదు.

ఇంకో మలుపు ఉంది. దాదాపు 50 ఏళ్ళ తర్వాత, 2016లో, అదే ఇద్దరూ కలిసి ఒక వ్యాసం రాశారు. మెదడు మీద జరిగిన పరిశోధనలన్నీ చూశాక, మొదట మేము చెప్పినది తలకిందులుగా ఉందని ఒప్పుకున్నారు. తప్పించుకోలేని బాధ చాలాసేపు సాగితే చతికిలబడిపోవడం ఎవరూ నేర్పనక్కరలేదట, మెదడు సహజంగా చేసే పనే అది. నేర్చుకోవలసింది రెండోది. ‘నేను చేస్తే ఏదో మారుతుంది’ అన్నది నేర్చుకోవాలి, అదీ చేసి చూస్తేనే వస్తుంది. తాము పేరు తెచ్చుకున్న సిద్ధాంతాన్ని తామే దిద్దుకున్న ఆ ఇద్దరినీ చూస్తే మాకు ముచ్చటేసింది. ముప్ఫై ఏళ్ళ కిందటి ప్రసంగాన్ని దిద్దుకున్న పాస్టర్లు మనలో ఎంతమంది?

కనుక మా ట్యూషన్లో పాట, ప్రార్థన ఎంత ముఖ్యమో, పిల్లవాడు చేసిన పని వల్ల ఏదో ఒకటి నిజంగా మారడం అంత ముఖ్యమని తెలుసుకున్నాం. ఆ పిల్లవాడికి హాలు తాళంచెవి ఇచ్చాం. చిన్నపిల్లల లెక్కలు దిద్దే పని ఇచ్చాం. వాడు దిద్దకపోతే ఆ రోజు ఎవరూ దిద్దరు. మొదటి రెండు వారాలు రాలేదు. వాళ్ళింటికి వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాం. ఆ తాడు సంగతి చదివి ఉండకపోతే మూడో రోజే విసుగుపుట్టి ‘వాడికే ఇష్టం లేదు’ అని వదిలేసేవాళ్ళం.

ఇక మా తప్పు దగ్గరికి వద్దాం. ఆ బుధవారం రాత్రి వాడి విశ్వాసం తక్కువైందని మేము ఎందుకు అనుకున్నాం? మెల్విన్ లెర్నర్ అనే ఆయన 1966లో ఒక ప్రయోగం చేశాడు. ఒక అమ్మాయికి షాక్‌లు ఇస్తున్నట్టు నటన, మరికొందరు చూస్తూ కూర్చోవాలి. ఆ బాధను ఆపే వీలు తమ చేతిలో ఉన్నవాళ్ళు ఆమె మీద జాలి చూపారు. ఆపే వీల్లేక ఊరికే చూడవలసి వచ్చినవాళ్ళు కాసేపటికి ఆమెనే తక్కువగా చూడటం మొదలుపెట్టారు. లోకం న్యాయంగా నడుస్తోందని నమ్మాలని మన మనసు తహతహలాడుతుంది. న్యాయమైన లోకంలో మంచివాడికి చెడు జరగదు కదా, కాబట్టి బాధపడేవాడిలోనే ఏదో తప్పుండాలి. యోబు స్నేహితులు ఏడు రోజులు మౌనంగా పక్కన కూర్చున్నంతకాలం బాగానే ఉన్నారు. నోరు తెరిచాకే పాడైంది. పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు అడిగిందీ అదే, పాపం ఇతనిదా, వీళ్ళ అమ్మానాన్నలదా అని. యోహాను తొమ్మిదో అధ్యాయంలో యేసు ఆ రెండు జవాబులనూ తోసిపుచ్చి నేల మీద ఉమ్మి బురద కలిపాడు. మేము మాత్రం శిష్యుల ప్రశ్న దగ్గరే ఆగిపోయాం. ఆ తల్లి ‘మా రక్తంలోనే లేదేమో’ అన్నప్పుడు ‘కాదమ్మా’ అనకుండా, దానికి విశ్వాసం తక్కువ అనే ఇంకో బరువు కలిపి ఇంటికి పంపాం.

పైగా తొందరలో ఉన్నాం. దాని గురించి కూడా ఒక ప్రయోగం ఉంది, అది పాస్టర్ల మీదే! 1973లో అచ్చయింది. డార్లీ, బాట్సన్ అనే ఇద్దరు ప్రిన్స్‌టన్ వేదాంత సెమినరీ విద్యార్థులను 40 మందిని పిలిచి, పక్క భవనంలో చిన్న ప్రసంగం చెయ్యమన్నారు. కొందరికిచ్చిన అంశం మంచి సమరయుని ఉపమానం. దారిలో ఒక మనిషి దగ్గుతూ, మూలుగుతూ గోడవారన కూలబడి ఉంటాడు. అతను వాళ్ళు పెట్టిన మనిషే. తీరిగ్గా వెళ్తున్నవాళ్ళలో నూటికి 63 మంది ఆగారు. ఆలస్యమైందని తొందర పెట్టినవాళ్ళలో నూటికి 10 మందే. సమరయుని మీద మాట్లాడబోతున్నారా, మరో అంశం మీదా అన్నది పెద్ద తేడా చూపలేదు. కొందరైతే సమరయుని మీద ప్రసంగానికి పరిగెడుతూ ఆ మనిషిని దాటేసి వెళ్ళారు. పందిరివాళ్ళు బయట నిలబడి ఉన్న ఆ బుధవారం గుర్తొచ్చి మా ఇద్దరికీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఒక మాట జాగ్రత్తగా చెప్పాలి. ఈ మధ్య సైకాలజీ పేరుతో ‘నీ ఆలోచన మార్చుకో, నీ జీవితం మారుతుంది’ అనే వీడియోలు ఫోన్లో తెగ వస్తున్నాయి. వాటిని మేము ఇక్కడికి మోసుకు రాలేదు. షాక్ ఇచ్చే తీగ అలాగే ఉంచి కుక్కకు ధైర్యవచనాలు చెబితే ఏం లాభం? ఆ పిల్లవాడి తల్లికి గ్లవ్స్ లేవు, వారపు సెలవు లేదు, కాంట్రాక్టరు జీతం సరిగా ఇవ్వడు. ఆమె దిగులుకు మందు కౌన్సెలింగ్ ఒక్కటే కాదు, జీతం కూడా. అలాగని నిద్ర లేక, తిండి సయించక, చచ్చిపోవాలనిపిస్తున్న మనిషిని ‘ముందు వ్యవస్థ మారనీ’ అని కూర్చోబెట్టలేం. ఏలీయా బదరీ చెట్టు కింద చావు కోరుకున్నప్పుడు దూత ప్రసంగం చెయ్యలేదు, రొట్టె పెట్టి నిద్రపోనిచ్చాడు, లేపి మళ్ళీ పెట్టాడు. అలాంటివాళ్ళుంటే డాక్టరు దగ్గరికి తోడు వెళ్ళండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416, డబ్బు కట్టనక్కరలేదు, తెలుగులోనూ మాట్లాడతారు. ఆత్మహత్యకు ప్రయత్నించినవాళ్ళను నేరస్థులుగా చూడకూడదని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది, వాళ్ళు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నారనే భావించాలి. మన సంఘాల్లో కొన్నిచోట్ల ఇంకా వాళ్ళ సమాధి దగ్గర ప్రార్థనకు నిరాకరిస్తున్నారు. ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది మానసిక రోగులు మంటల్లో చనిపోయారు. వేరే మతంవాళ్ళ సంగతని తల తిప్పుకోవద్దు. దయ్యం పేరుతో మనుషుల్ని కట్టేసి కొట్టే ప్రార్థన గుడారాలు మనకూ ఉన్నాయి.

బడి సంగతి చెప్పి ముగిస్తాం. పదకొండు మంది తల్లులు, మేము ఇద్దరం, లా చదువుతున్న మా సంఘం అమ్మాయి ఒకామె, అందరం కలిసి హెడ్మాస్టరును కలిశాం. గొడవకు వెళ్ళలేదు. స్కాలర్‌షిప్పు కాగితాలు తరగతిలో కాకుండా ఆఫీసులో తీసుకోమని, కులం పైకి చదవవద్దని ఒక అర్జీ ఇచ్చాం. ఆయన మొదట “ఇందులో తప్పేముంది, డబ్బు వాళ్ళకేగా?” అన్నారు. ఆ తల్లుల్లో ఒకామె “మీ పిల్లల రేషన్ కార్డు సంగతి తరగతిలో చదువుతారా సార్?” అని కన్నడలో అడిగింది. మేము ఉలిక్కిపడ్డాం. ఆమె ఎప్పుడూ మా ముందు గొంతెత్తి మాట్లాడిన మనిషి కాదు. రెండు వారాలకు కాగితాలు ఆఫీసులో తీసుకోవడం మొదలైంది. పై తరగతుల్లో ఇంకా మారలేదు, మళ్ళీ వెళ్ళాలి.

పిల్లవాడు ఈ మధ్య లెక్కల పరీక్షలో సగం కాగితం నింపాడు. సాయంత్రం అందరికంటే ముందొచ్చి హాలు తాళం తీసి, బోర్డు తుడిచి, చిన్నవాళ్ళకు భిన్నాలు రాసిపెడుతున్నాడు. బడిలో మాత్రం జవాబు తెలిసినా ఇంకా చెయ్యెత్తడం లేదట. ప్రతి శనివారం అడుగుతున్నాం. “ఈ వారం ఎత్తుతా అయ్యగారూ” అంటాడు.